ఉపకార వేతనం: అడగవలసిన నాలుగు ప్రశ్నలు



"మా అబ్బాయికి ఫారిన్ యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ వచ్చింది ఫాదర్! ఇక ఆ అరెకరం అమ్మేస్తే సరిపోతుంది." ఈ మాట మన విచారణల్లో గురువులందరూ ఏదో ఒక రూపంలో వింటున్నదే. ఇందులో రెండు ముక్కలున్నాయి. మొదటి ముక్క విని సంతోషిస్తాం. రెండవ ముక్క దగ్గర ఆగి ఆలోచించాలి. నిజంగా స్కాలర్‌షిప్ వస్తే పొలం ఎందుకు అమ్మాలి? పొలం అమ్మవలసి వస్తే, వచ్చినది స్కాలర్‌షిప్పేనా?

విదేశీ చదువు మంచిదా చెడ్డదా అన్నది ఈ వారం మన పాఠం కాదు. వెళ్ళాలని నిర్ణయించుకున్న బిడ్డకు ఉపకార వేతనం ఎలా వెదకాలి, వచ్చిందని చెప్పిన దానిని ఎలా పరీక్షించాలి అన్నదే పాఠం. గురుమఠంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో, ఏ విషయాన్నైనా అరిస్టాటిల్ చెప్పిన నాలుగు కారణాలతో పరిశీలించమని మాకు నేర్పేవారు. అది దేనితో అయింది, ఏ రూపంలో ఉంది, ఎవరు చేశారు, ఏ ప్రయోజనం కోసం చేశారు? ఆ పద్ధతిని మన అవసరానికి తగ్గట్టు కొంచెం మార్చి వాడుకుందాం. ఏ స్కాలర్‌షిప్ పేరు విన్నా ఈ నాలుగు ప్రశ్నలు అడగండి: ఎవరు ఇస్తున్నారు? ఎందుకు ఇస్తున్నారు? ఎవరికి ఇస్తున్నారు? ఎంత, ఏ షరతు మీద ఇస్తున్నారు?

1. ఎవరు ఇస్తున్నారు?

దాతలు ముఖ్యంగా నాలుగు రకాలు.

మొదటివి విదేశీ ప్రభుత్వాల సొమ్ముతో నడిచేవి. బ్రిటన్ ప్రభుత్వం 1983 నుండి నడుపుతున్న పథకానికి ఇప్పటి పేరు చెవెనింగ్. ఒక ఏడాది మాస్టర్స్ చదువుకు ఫీజు, బస, ప్రయాణం అన్నీ భరిస్తారు. అమెరికా, భారత ప్రభుత్వాలు 1950లో చేసుకున్న ఒప్పందం నుండి వచ్చినది ఫుల్‌బ్రైట్-నెహ్రూ. జర్మనీలో 1925లో మొదలైన సంస్థ డి.ఏ.ఏ.డి. అది మాస్టర్స్ విద్యార్థికి నెలకు 992 యూరోలు ఇస్తుంది. ఐరోపా సమాఖ్య వారి ఎరాస్మస్ ముండస్ 2004లో మొదలైంది. దాని కింద కనీసం రెండు దేశాల విశ్వవిద్యాలయాలలో చదవాలి. ఎన్నికైన వారికి ఫీజు ఉండదు, పైగా నెలకు 1,400 యూరోల చొప్పున 24 నెలల దాకా ఇస్తారు.

రెండవవి మన కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల పథకాలు. వీటి గురించి మూడవ ప్రశ్నలో చూద్దాం.

మూడవవి విశ్వవిద్యాలయాలు తామే ఇచ్చేవి. ఇక్కడ మన కుటుంబాలకు తరచుగా తెలియని సంగతి ఒకటుంది. అమెరికాలో రెండేళ్ళ ఎం.ఎస్. చదువుకు పూర్తి సాయం దొరకడం అరుదు. కాని పి.హెచ్‌డి. ప్రవేశం దొరికిన వారికి, ముఖ్యంగా సైన్సు, ఇంజనీరింగు విభాగాలలో, ఫీజు మాఫీ చేసి నెల నెలా వేతనం ఇవ్వడం అక్కడి వాడుక. దానికి బదులుగా విద్యార్థి పాఠం చెప్పడంలోనో, పరిశోధనలోనో ఆచార్యునికి సహాయం చేస్తాడు. నాలుగేళ్ళ డిగ్రీ తరువాత నేరుగా పి.హెచ్‌డి.కి తీసుకునే విభాగాలూ ఉన్నాయి. అయితే 2025లో అమెరికా ప్రభుత్వం పరిశోధన నిధులను కోసినందువల్ల పలు విశ్వవిద్యాలయాలు ఈ ప్రవేశాలను తగ్గించుకున్నాయి. గనుక ఒక్క తలుపే తట్టి కూర్చోవద్దు.

ఇంటర్ తరువాత డిగ్రీకే వెళ్ళదలచిన వారికి మార్గం ఇంకా ఇరుకు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎం.ఐ.టి., ఆమ్‌హర్‌స్ట్ వంటి కొన్ని సంస్థలు విదేశీ విద్యార్థి విషయంలో కూడా ఆర్థిక స్థితి చూడకుండానే ఎంపిక చేస్తాయి, ఎంపికైన వారి అవసరానికి తగినంత సాయం చేస్తాయి. తిరుసిలువ సభ గురువులు 1842లో స్థాపించిన నోటర్‌డామ్ కతోలిక విశ్వవిద్యాలయం కూడా 2024 సెప్టెంబరులో ఇదే విధానాన్ని ప్రకటించింది. వీటిలో సీటు దొరకడం మహా కష్టం. కాని దొరికితే మాత్రం పేదరికం అడ్డు కాదు. ఒక హెచ్చరిక! "కతోలిక" అన్న పేరు ఉన్నంత మాత్రాన ఫీజు తక్కువని గానీ, మన బిడ్డలకు ప్రత్యేకంగా రాయితీ ఉంటుందని గానీ అనుకోవద్దు. ప్రతి సంస్థ లెక్క దానిదే.

నాలుగవవి ధర్మనిధులు, శ్రీసభ సంస్థలు. జెంషెడ్జీ టాటా 1892లో నెలకొల్పిన జె.ఎన్. టాటా నిధి ఈనాటికీ సాయం చేస్తోంది. అది తిరిగి చెల్లించవలసిన రుణ స్కాలర్‌షిప్ అని మాత్రం మరువకూడదు. కేరళలోని ఒక నిరుపేద దళిత కుటుంబంలో పుట్టిన కె.ఆర్. నారాయణన్ గారు టాటాల సాయంతోనే 1945లో లండన్ వెళ్ళి చదివి, 1997లో మన రాష్ట్రపతి అయ్యారు. జర్మనీ కతోలిక శ్రీసభకు చెందిన కె.ఏ.ఏ.డి. అనే సంస్థ బాన్ నగరం నుండి పనిచేస్తూ ఆసియా, ఆఫ్రికా దేశాల పట్టభద్రులకు సాయం చేస్తుంది. ఏ దేశాల వారిని తీసుకుంటారో ఆ ఏటి ప్రకటనలో చూసుకోవాలి. మన ఊళ్ళ నుండి కూడా ఒక ఉదాహరణ చెప్పుకోవచ్చు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1922లో హార్వర్డుకు వెళ్ళినప్పుడు ఆయన వెనుక ఉన్నది మామగారి సొమ్ము, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేయూత. అక్కడ ఆసుపత్రిలో రాత్రివేళ పని చేసుకుంటూ చదివిన ఆయన తరువాత ఎన్నో మందుల పరిశోధనకు ప్రాణం పోశారు. దూరపు పెద్ద పేర్లతో పాటు దగ్గరి చిన్న నిధులను కూడా వెదకాలని దీనిని బట్టి గ్రహించాలి.

2. ఎందుకు ఇస్తున్నారు?

ఏ దాతా ఊరికే ఇవ్వడు. ఇది విమర్శ కాదు, ధర్మమే. ప్రతి నిధికి ఒక ఉద్దేశం ఉంటుంది. ఆ ఉద్దేశం తెలిసినవాడే సరిగా దరఖాస్తు వ్రాయగలడు.

బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ 1913లో యువకుడైన అంబేద్కర్‌కు నెలకు పదకొండున్నర పౌన్ల చొప్పున మూడేళ్ళకు స్కాలర్‌షిప్ ఇచ్చి న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపారు. చదువు ముగిశాక పదేళ్ళు బరోడా సంస్థానంలో కొలువు చేయాలని ఒప్పంద పత్రం వ్రాయించుకున్నారు. చదువుకున్నవారు తన సంస్థానానికి కావాలన్నది మహారాజు ఉద్దేశం. అలాగే చెవెనింగ్ వారికి తిరిగి వచ్చి తమ దేశంలో నాయకత్వం వహించేవారు కావాలి. విశ్వవిద్యాలయానికి మంచి పరిశోధకుడు కావాలి. ఎరాస్మస్ వారికి దేశదేశాల వారితో కలిసి పని చేయగలవారు కావాలి.

మన పిల్లలు చేసే పొరపాటు ఏమిటంటే, ఒకే వ్యాసం వ్రాసుకుని పది చోట్లకు పంపుతారు. అందులో "మాది పేద కుటుంబం, నేను కష్టపడి చదివాను, నాకు అవకాశం ఇవ్వండి" అని ఉంటుంది. పేదరికం నిజమే. సిగ్గుపడవలసినది కాదు. కాని దాత అడిగిన ప్రశ్న అది కాదు. "నీవు ఏమి చేయదలచావు? దానికి ఈ చదువే ఎందుకు? ఇప్పటి వరకు ఆ దారిలో ఏమి చేశావు?" అని ఆయన అడుగుతున్నాడు. ఊరి చెరువు నీటిని పరీక్షించి చూసిన అమ్మాయి, రాత్రి బడిలో పిల్లలకు లెక్కలు చెప్పిన అబ్బాయి తమ పనిని చిన్నదని వదిలివేస్తారు. వ్రాయవలసినది అదే! చేసిన పని, చేసిన కాలం, వచ్చిన ఫలితం ఉన్నది ఉన్నట్టు వ్రాయండి.

సిఫారసు ఉత్తరాల విషయమూ ఇంతే. చాలామంది నా దగ్గరకు వచ్చి "మంచి నడవడి గల విశ్వాసి" అని వ్రాసి ఇమ్మంటారు. సంతోషంగా ఇస్తాను. కాని సాధారణంగా వారికి కావలసినది విద్యార్థి చదువును, పనిని దగ్గరగా చూసిన ఆచార్యుని మాట. గనుక మూడవ సంవత్సరం నుండే ఇద్దరు ముగ్గురు అధ్యాపకుల వద్ద ప్రాజెక్టులు చేసి, వారికి తెలిసినవారుగా ఉండండి. గడువుకు రెండు రోజుల ముందు వెళ్ళి అడిగితే ఎంతటి మంచి అధ్యాపకుడైనా నాలుగు ఉత్త మాటలే వ్రాయగలడు.

3. ఎవరికి ఇస్తున్నారు?

అర్హతలు చదవకుండా ఆశ పెంచుకోవడం వల్ల ఏడాది కాలం వృథా అవుతుంది. చెవెనింగ్‌కు డిగ్రీ తరువాత కనీసం రెండేళ్ళ పని, అంటే 2,800 గంటల అనుభవం కావాలి. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌కు మూడేళ్ళ అనుభవం కావాలి. నిన్న డిగ్రీ అయిన వారికి ఇవి రావు. వారికి ఎరాస్మస్ వంటివి తగినవి. కొన్నాళ్ళు ఇక్కడే ఉద్యోగం చేయడం కూడా స్కాలర్‌షిప్ దారిలో ఒక మెట్టే అని దీని అర్థం.

ఇక మన కుటుంబాలను సూటిగా తాకే సంగతి. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ వారి జాతీయ విదేశీ విద్యా ఉపకార వేతనం ఏటా 125 మందికి ఇస్తారు. అందులో అత్యధిక భాగం షెడ్యూల్డ్ కులాల వారికి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, తరువాత చేర్చిన సిక్కులు, బౌద్ధులు మాత్రమే షెడ్యూల్డ్ కులాల వారుగా లెక్కకు వస్తారు. దళిత క్రైస్తవుడు రాడు. ఇది అన్యాయమని శ్రీసభ దశాబ్దాలుగా చెబుతూనే ఉంది. అయితే దరఖాస్తు వ్రాసే బిడ్డ ఈనాడు ఉన్న చట్టం ప్రకారమే వ్రాయాలి. జ్ఞానస్నాన రిజిస్టరులో ఒకటి, తహశీల్దారు ఇచ్చిన పత్రంలో మరొకటి ఉన్న కుటుంబాలు మనలో ఉన్నాయి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, జ్ఞానస్నానం పొంది క్రైస్తవాచారంలో ఉన్న పుదుచ్చేరి మహిళ ఒకరు ఎస్సీ పత్రం కోరగా, ఆమెకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ఎప్పుడో ఒకనాడు రద్దు కాగల పత్రం మీద బిడ్డ భవిష్యత్తును కట్టవద్దని నా మనవి.

అలాగని తలుపులన్నీ మూసి లేవు. అదే జాతీయ పథకంలో భూమి లేని వ్యవసాయ కూలీల బిడ్డలకు, సంప్రదాయ చేతివృత్తుల వారి బిడ్డలకు కొద్ది స్థానాలు ఉన్నాయి. స్థానాలు తక్కువే అయినా ఆ సంగతి తెలిసి అడిగేవారు ఇంకా తక్కువ. గిరిజన సోదరులకు మతం అడ్డు కాదు. షెడ్యూల్డ్ తెగ హోదా మతంతో ముడిపడి లేదు గనుక, గిరిజన మంత్రిత్వ శాఖ ఏటా 20 మందికి ఇచ్చే విదేశీ ఉపకార వేతనానికి కోయ, లంబాడీ కతోలిక యువత నిరభ్యంతరంగా దరఖాస్తు చేయవచ్చు.

తెలంగాణలో 2015లో మైనారిటీల కోసం ముఖ్యమంత్రి విదేశీ విద్యా పథకం మొదలైంది. క్రైస్తవులు అందులో ఉన్నారు. కుటుంబ వార్షికాదాయం 5 లక్షలు మించని వారికి 20 లక్షల రూపాయల దాకా సాయం అన్నది దాని నిబంధన. అయితే గమనించండి: మొదటి విడత సొమ్ము విద్యార్థి ఆ దేశంలో అడుగు పెట్టిన పత్రం చూపిన తరువాత, రెండవ విడత మొదటి సెమిస్టరు ఫలితం చూపిన తరువాత ఇచ్చేలా దానిని రూపొందించారు. అంటే బయలుదేరే నాటి ఖర్చు కుటుంబమే సమకూర్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి పథకం ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు, నిబంధనలు మార్చుకుంటూ వచ్చింది. పక్కింటి వారికి మూడేళ్ళ క్రితం వచ్చిందన్న మాట నమ్మి బయలుదేరవద్దు. జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయానికి స్వయంగా వెళ్ళి ఈ ఏటి ఉత్తర్వు అడిగి చదవండి. మైనారిటీ విద్యార్థుల విదేశీ విద్యా రుణాలపై వడ్డీ భరించే కేంద్ర పథకం 'పఢో పర్‌దేశ్' 2022-23 నుండి నిలిచిపోయింది. ఇంకా అది ఉందని చెప్పే ఏజెంటు మాట వినవద్దు.

4. ఎంత, ఏ షరతు మీద?

ఇప్పుడు మొదట చెప్పుకున్న అరెకరం దగ్గరకు వద్దాం. ఒక కాగితం తీసుకుని లెక్క వేయండి. ఒక కళాశాల ఏడాది ఫీజు 30,000 డాలర్లు, తిండికీ బసకూ 15,000 డాలర్లు అనుకుందాం. వారు 5,000 డాలర్ల స్కాలర్‌షిప్ ఇస్తున్నామని అందమైన ఉత్తరం పంపారు. మిగిలినది ఎంత? 40,000 డాలర్లు. డాలరుకు 80 రూపాయలు లెక్కకట్టినా ఏడాదికి 32 లక్షలు! డాలరు అంతకన్నా ఎక్కువే ఉంది. ఈ 5,000 డాలర్లు నిజానికి బట్టల దుకాణంలో ఇచ్చే తగ్గింపు వంటిది. సరుకు ధర పెంచి, తగ్గించామని చెప్పినట్టు. దానిని కాదనవలసిన పని లేదు. కాని స్కాలర్‌షిప్ అని మురిసిపోయి పొలం అమ్మవద్దు. వచ్చినది ఎంత అని కాక, పోగా మిగిలినది ఎంత అని అడగడం నేర్చుకోండి. మొదటి ఏడాదికేనా, అన్ని ఏళ్ళకా? ఎన్ని మార్కులు తగ్గితే ఆగిపోతుంది? ఇవి కూడా వ్రాతపూర్వకంగా అడగండి.

మరో వైపు, స్కాలర్‌షిప్ అన్న పేరు లేకుండానే ఖర్చు తగ్గే చోట్లు ఉన్నాయి. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో చాలా చోట్ల ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం 2017 నుండి ఐరోపా సమాఖ్య బయటి వారికి సెమిస్టరుకు 1,500 యూరోలు ఉంది. అయితే జీవనానికి సరిపడా సొమ్ము ఉన్నదని చూపాలి. 2024 సెప్టెంబరు నుండి ఆ మొత్తం ఏడాదికి 11,904 యూరోలు. దానిని ప్రత్యేక ఖాతాలో వేసి నెలనెలా తీసుకోవాలి. భారతీయ విద్యార్థుల పత్రాలను ముందుగా ఏ.పి.ఎస్. అనే కార్యాలయం పరిశీలించాలన్న నియమం 2022 నవంబరు నుండి అమలులో ఉంది.

షరతుల్లో ముఖ్యమైనది తిరిగి రావడం. చెవెనింగ్, ఫుల్‌బ్రైట్ పొందినవారు చదువు ముగిశాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలి. అక్కడే స్థిరపడాలన్న కోరిక మనసులో పెట్టుకుని, తిరిగి వచ్చి దేశానికి సేవ చేస్తానని వ్రాసి సంతకం పెట్టడం మాట తప్పడమే. అటువంటి వారికి షరతు లేని దారులు ఉన్నాయి. వాటిని వెదకండి. సంతకం అంటే మాట ఇవ్వడం.

కాలం విలువ

ఈ పనికి కనీసం ఏడాదిన్నర ముందు నుండి సిద్ధం కావాలి. చెవెనింగ్ దరఖాస్తులు సాధారణంగా ఆగస్టులో మొదలై అక్టోబరులో ముగుస్తాయి. ఎరాస్మస్ కోర్సులకు చాలావరకు అక్టోబరు నుండి జనవరి వరకు. అమెరికా పి.హెచ్‌డి. గడువులు ఎక్కువగా డిసెంబరులో. ఫుల్‌బ్రైట్ దరఖాస్తులు వేసవిలోగా. ఫలితాలు వచ్చాక మే నెలలో ఏజెంటు గుమ్మం ఎక్కేవారికి వీటిలో చాలా తలుపులు అప్పటికే మూసి ఉంటాయి. మరొక మాట: అమెరికాలోని పలు విశ్వవిద్యాలయాలు కలిసి చేసుకున్న ఒప్పందం ప్రకారం, ఆర్థిక సాయంతో ప్రవేశం ఇచ్చినప్పుడు ఏప్రిల్ 15 లోపు జవాబు చెప్పమని విద్యార్థిని ఒత్తిడి చేయరాదు. "రేపటిలోగా డబ్బు కట్టకపోతే సీటు పోతుంది" అని ఎవరైనా తొందర పెడితే అనుమానించండి.

అనుమానించవలసిన గుర్తులు మరి కొన్ని. స్కాలర్‌షిప్ ఇవ్వడానికి ముందుగా డబ్బు అడగడం. "గ్యారంటీ" అనడం. బ్యాంకులో లేని సొమ్మును ఉన్నట్టు చూపిస్తామనడం. తరగతులకు వెళ్ళనక్కర లేదనడం. కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం బండారం 2011లో బయటపడినప్పుడు వీధిన పడిన వారిలో మన తెలుగు పిల్లలు ఎందరో! 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం అన్నది అమెరికా అధికారులే పన్నిన వల అని తేలినప్పుడు కూడా చిక్కుకున్నది ఎక్కువగా మనవారే. చెవెనింగ్, ఫుల్‌బ్రైట్, డి.ఏ.ఏ.డి. దరఖాస్తుకు రుసుము తీసుకోవు. ఈ ఒక్క మాట గుర్తుంచుకున్నా మోసగాళ్ళలో సగం మంది దగ్గరకు రారు.

విచారణ ఏమి చేయగలదు?

మంచి స్కాలర్‌షిప్ అన్ని ఖర్చులూ భరిస్తుంది, నిజమే. కాని ఇంగ్లీషు పరీక్ష రుసుము, పాస్‌పోర్టు, పత్రాల నకళ్ళు, ఇంటర్వ్యూకు ప్రయాణం వంటివి దానికి ముందే వచ్చే ఖర్చులు. ఇంగ్లీషు పరీక్ష ఒక్కదానికే పదిహేను వేలకు పైన అవుతుంది. లక్షల స్కాలర్‌షిప్ గెలవగల కూలివాని కూతురు ఈ పదిహేను వేల దగ్గర ఆగిపోతుంది. ఇది మాత్రం మన చేతిలో ఉన్న పని. పండుగ బాణసంచాకు, మైకు సెట్టుకు చందా వేసుకునే విచారణ, ఏటా ఇద్దరు పిల్లల పరీక్ష రుసుముకు చిన్న నిధి పెట్టుకోలేదా? విదేశాల్లో స్థిరపడిన మన విచారణ బిడ్డలు సెలవుల్లో వచ్చినప్పుడు దివ్యపూజ తరువాత ఒక గంట కూర్చుని తమ దరఖాస్తు ఎలా వ్రాశారో చెప్పలేరా? వెళ్ళిన దారి చూపడానికి డబ్బు అక్కరలేదు.

ఈ వారం ఇంట్లో మాట్లాడుకోవడానికి:

1. మన బిడ్డ వెళ్ళదలచిన చదువుకు, స్కాలర్‌షిప్ పోగా మన చేతి నుండి పడేది ఎంత? కాగితం మీద వ్రాశామా?

2. మన కుల, ఆదాయ, మైనారిటీ పత్రాలు, జ్ఞానస్నాన పత్రం ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా?

3. ఆ దాత ఉద్దేశం ఏమిటి? మన బిడ్డ ఉద్దేశం దానితో నిజంగా కలుస్తున్నదా?

4. మన వీధిలో చదువులో ముందున్న బిడ్డ ఎవరైనా చిన్న ఖర్చు దగ్గర ఆగిపోయి ఉన్నారా? వారి ఇంటికి ఈ వారం ఎవరు వెళ్తారు?